వినేవాడికి ‘పైన’ ఎక్కడుంది?

నల్లకుంట, హైదరాబాద్

చిరంజీవి లావణ్యకు,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, రోనాల్డ్ రాస్ మీద రాసిన వ్యాసమూ అందాయి. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో పోతూ వస్తూ రెండు నెలల్లో 14 ఆడియో పుస్తకాలు పూర్తి చేశానని రాశావు. అన్నీ సైన్సూ చరిత్రే, అన్నీ రెట్టింపుకు కాస్త తక్కువ వేగంతో. ఇంకేం వినాలో జాబితా పంపమన్నావు. జాబితాలిచ్చేవాళ్లు నీ ఫోన్‌లోనే బోలెడుమంది ఉన్నారు, ఆ పని వాళ్లకే వదిలేస్తాను. నీ వ్యాసం సంగతి మాట్లాడదాం. నీ మొదటి వాక్యం ఇది:

‘1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, అప్పటికే రెండేళ్లుగా దోమలను కోసి కోసి విసిగిపోయి ఉన్న, ఆ తర్వాత 1902లో నోబెల్ బహుమతి అందుకోబోయే, ఇండియన్ మెడికల్ సర్వీస్‌కు చెందిన బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ మలేరియా దోమ వల్ల మనుషులకు సోకుతుందని నిరూపించాడు.’

కళ్లతో చదివితే ఫరవాలేదు. ఇప్పుడు దీన్ని మీ అమ్మకు బిగ్గరగా చదివి వినిపించు. మన భాషలో క్రియ చివర్లో వస్తుంది. అంటే ‘నిరూపించాడు’ వచ్చేదాకా ఆవిడ తేదీని ఒక చేతిలో, విసుగును ఇంకో చేతిలో, నోబెల్‌ను నెత్తిమీద పెట్టుకుని నిలబడాలి. పైగా 1897 కాగితం మీద నాలుగంకెలు. నోటికొచ్చేసరికి ‘పద్దెనిమిది వందల తొంభై ఏడు’. సగం ఊపిరి అక్కడే అయిపోతుంది.

ఆ వ్యాసంలోనే ఆరో పేరాలో, ఎవరికీ కనబడకుండా, ఒక మనిషిని దాచిపెట్టావు. హుసేన్ ఖాన్. మలేరియా జ్వరంతో ఉన్న రోగి. దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా లెక్కన. ఆయన రక్తం తాగిన దోమల్నే రాస్ కోసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. అక్కడ మొదలుపెట్టు. ‘దోమకు అణా’ అని వినగానే చిక్కడపల్లి మార్కెట్‌లో బేరమాడుతున్నవాడు కూడా ఓ క్షణం ఆగుతాడు. ఊరూ ఏడాదీ రెండో వాక్యంలో చెప్పు. నోబెల్ సంగతి ఎప్పుడు చెప్పినా చెల్లుతుంది, అదెక్కడికీ పోదు.

ఈ పాఠం నాకు నేర్పినాయన పుస్తకాలాయన కాదు. చాలా ఏళ్ల క్రితం రేడియోలో ప్రసంగం చదవడానికి వెళ్లాను. పది నిమిషాల ప్రసంగం, మూసీ వరదల మీద. అక్కడి పెద్దాయన నా కాగితాలు తీసుకుని ‘పైన పేర్కొన్నట్లు’ అన్న మాట కింద ఎర్ర గీత గీసి, “వినేవాడికి పైన ఎక్కడుందండీ?” అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ‘ఈ క్రింది కారణాల వల్ల’ కూడా కొట్టేశారు. ‘వీటిలో మొదటిది, రెండవది’ కూడా. చివరికి నా పది నిమిషాల్లో మిగిలింది ఆరు. మిగతా నాలుగు నిమిషాలకు ఏం చెప్పాలని అడిగితే, “చింతచెట్టు గురించి చెప్పండి” అన్నారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గరున్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెప్పుకుంటారు. ఆ చెట్టు నా కాగితాల్లో ఒక్క ముక్కలో ఉంది. ఆ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ ఆనకట్ట ఎన్ని అడుగుల ఎత్తు, ఎంత ఖర్చు అని రెండు పేజీలు నింపాను. ప్రసంగం అయ్యాక నన్ను కలిసినవాళ్లందరూ చెట్టు గురించే అడిగారు.

ఇక నువ్వడిగిన పుస్తకాలు. నేను విన్నవాటిలో కొన్నింటి గురించే రాస్తాను, నా అభిప్రాయంగానే తీసుకో.

జారెడ్ డైమండ్ ‘గన్స్, జెర్మ్స్ అండ్ స్టీల్’ 1997లో వచ్చింది. కొన్ని అధ్యాయాల్లో పంటల పేర్లూ జంతువుల పేర్లూ చెవికి రేషన్ షాపు పట్టీలా తగులుతాయి. నేనక్కడ రెండుసార్లు కునుకు తీశాను, దాచడమెందుకు. అయినా పుస్తకం చేయి వదలదు. న్యూగినీలో యాలి అనే ఆయన, మీ తెల్లవాళ్ల దగ్గర ఇంత సరుకుంది, మా దగ్గరెందుకు లేదు అని అడిగిన ప్రశ్నతో మొదలవుతుంది. ఎన్ని గంటలు విన్నా, ఏ అధ్యాయంలో కునుకు తీసి లేచినా, ఆ ప్రశ్నకు జవాబే నడుస్తోందని తెలుస్తూ ఉంటుంది. దారి తప్పినవాడికి చార్మినార్ మినార్లు కనబడుతున్నట్టు.

హరారీ ‘సేపియన్స్’ విన్నానని గొప్పగా రాశావు. నేనూ విన్నాను, ఆపకుండా విన్నాను. మంచి వక్త సభలాంటిది అది. పదివేల ఏళ్లు ఒక్క వాక్యంలో దాటించేస్తాడు, మనం తలూపుతాం. ఇంటికొచ్చాక మా ఆవిడ “ఏం చెప్పాడు?” అంటే బాగానే చెప్పాను. “అది ఆయనకెలా తెలుసు?” అంటే తెల్లముఖం వేశాను. నీకు గుర్తుందేమో చూసుకో.

ఆ ‘ఎలా తెలుసు’ అన్న ప్రశ్న మీదే నడిచే పుస్తకం బిల్ బ్రైసన్‌ది, ‘ఎ షార్ట్ హిస్టరీ ఆఫ్ నియర్లీ ఎవ్రీథింగ్’. బడి పుస్తకంలో భూమిని కోసి లోపల పొరలు చూపించిన బొమ్మ చూసి, ఇది వీళ్లకెలా తెలిసిందని చిన్నప్పుడు ఆశ్చర్యపోయానని ఆయన మొదట్లోనే చెప్పుకుంటాడు. నువ్వు రోజూ ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ దాటుతావు కదా. ఆ పేరులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో చేసే పనుల్లో భూకంప తరంగాలను చదవడం ఒకటి. ఒక రకం తరంగాలు ద్రవంలోంచి పోలేవు. అవి అవతలికి రాకపోవడం చూసి భూమి లోపల ద్రవం ఉందని పట్టుకున్నారు. ఆ ద్రవం నడుమ ఇంకో గట్టి గుండు ఉందని 1936లో ఇంగె లేమన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త చెప్పింది. ఎవరూ తవ్వి చూడలేదు. దీన్ని నువ్వు తెలుగులో రాయి. నీ రైలు ఆ స్టేషన్‌లో ఆగే అర నిమిషంతో మొదలుపెట్టి రాయి. రాస్ కంటే నీకిదే బాగా కుదురుతుందని నా అనుమానం.

సిద్ధార్థ ముఖర్జీ క్యాన్సర్ చరిత్రలో మనవాడొకడు వస్తాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు, భీమవరంలో పుట్టినాయన. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 1947లో లుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చిన మందులు ఆయన ల్యాబు నుంచి వచ్చినవే. ఆ పెద్ద పుస్తకంలో ఆయనకు దక్కింది కొద్ది పేజీలే. కానీ అమెరికా వెళ్లిన కొత్తలో ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశాడన్న ఒక్క ముక్క నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఫోలిక్ ఆమ్లం రసాయనం గురించి విన్నదంతా మర్చిపోయాను. ఆ పోర్టరు ముక్క విన్నప్పుడు పార్కులో నడుస్తున్నాను. కాసేపు బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. ఈ మనిషి మీద తెలుగులో పుస్తకం రాసేటప్పుడు మనవాళ్లు బిరుదులతో మొదలుపెడతారు, అది నాకు ఒళ్లుమంట.

ఇప్పుడు అసలు చేదు మాత్ర. నీ మొదటి వాక్యం చెవికి బరువే కాదు, అందులో ఉన్నది పూర్తి నిజం కూడా కాదు. సికింద్రాబాద్‌లో రాస్ చూసింది దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి పెరుగుతూ ఉండటం. నల్లటి రంగు రేణువులు చూసి గుర్తుపట్టాడు. అది దోమ కాటు ద్వారా ఇంకో ప్రాణికి ఎక్కుతుందని ఆయన చూపించింది మరుసటి ఏడాది కలకత్తాలో, అదీ పిట్టల్లో. మనుషుల విషయంలో అనాఫిలిస్ దోమ పాత్రను తేల్చింది ఇటలీలో గ్రాసీ, ఆయన తోటివాళ్లు. ఎవరికెంత పేరు రావాలని రాస్‌కూ గ్రాసీకీ పెద్ద తగువే నడిచింది. ‘మన సికింద్రాబాద్‌లో నిరూపించారు’ అంటే వినడానికి హాయిగా ఉంటుంది. ఎక్కడ విన్నావో నాకు తెలియదు గానీ, హాయిగా ఉంది కనకే ఆగి చూసుకోలేదు నువ్వు.

నిన్ను తిట్టే అర్హత నాకుందా అంటే, అంతకంటే పెద్ద తప్పు చేశాను. ఒక ఇంగ్లీషు చరిత్ర పుస్తకం వింటూ ‘ఫిఫ్టీన్ థౌజండ్’ను ‘ఫిఫ్టీ థౌజండ్’గా విన్నాను. బస్సులో విన్నాను, పక్కనే హారన్. ఇంటికొచ్చి పత్రికకు వ్యాసంలో ఆ సైన్యాన్ని యాభై వేలు చేసేశాను. ఏ యుద్ధమో చెప్పను, ఇప్పటికీ సిగ్గే. వారం తిరక్కుండా వరంగల్ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ పోస్టు కార్డు రాశారు: ‘మిగతా ముప్పై అయిదు వేలమందిని మీరు ఎక్కణ్ణుంచి రప్పించారో తెలియజేయగలరు.’ ఆ కార్డు నా టేబుల్ అద్దం కింద ఉంది. అప్పట్నుంచి విన్న అంకెను అచ్చులో చూడకుండా రాయను.

ఆడియోలో ఇంకో చిక్కుంది. పుస్తకం అడుగున ఉండే చిన్న అక్షరాల వివరణలు చెవిదాకా రావు. ఏది ఉత్తరంలో దొరికింది, ఏది రచయిత ఊహ, ఏది పుకారు, అన్నీ ఒకే గొంతులో ఒకే నమ్మకంతో వచ్చేస్తాయి. కొందరు దీన్ని ముందే ఊహించినట్టు రాస్తారు. డాల్‌రింపుల్ ‘వైట్ మొగల్స్’ మన కోఠీ రెసిడెన్సీ కథ. అక్కడి బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, ఆయన పెళ్లాడిన హైదరాబాదు అమ్మాయి ఖైరున్నీసా. మనిద్దరం ఆ గేటు ముందు నుంచి ఎన్నిసార్లు పోయామో. ఆ పుస్తకం మీద నాకు తగాదాలున్నాయి, శృంగారం పాలు ఎక్కువ. కానీ ఉత్తరాలు ఎక్కడ దొరికాయో, చార్మినార్ వెనక చౌక్‌లో పాత పుస్తకాలవాడి దగ్గర ఏ ఫార్సీ గ్రంథం చేతికొచ్చిందో కథలో భాగంగానే చెబుతాడు. వింటున్నవాడికి కథా అందుతుంది, దాని ఆధారమూ అందుతుంది. నీ వ్యాసంలో ‘చరిత్రకారుల అభిప్రాయం ప్రకారం’ అని నాలుగుసార్లు రాశావు. ఏ చరిత్రకారులమ్మా? చార్మినార్ ప్లేగు పోయినందుకు కట్టారనీ, భాగమతి పేర భాగ్యనగరం వెలిసిందనీ కూడా ఇదే మాట తగిలించి రాస్తూనే ఉన్నారు. ఆ రెండింటి మీదా చరిత్రకారులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు.

తెలుగులో ఇలా రాయొచ్చా అని అడిగావు. నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’, ‘నరావతారం’ తెచ్చుకో. మా నాన్న కాచిగూడ స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. కళ్లకు శుక్లాలొచ్చి చదవలేకపోతే, రాత్రిపూట ‘విశ్వరూపం’ నేను బిగ్గరగా చదివి వినిపించేవాణ్ణి. మా ఇంటి ఆడియో పుస్తకాన్ని నేనే అనుకో. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడంటే నాన్న “ఊఁ” అన్నారు. వెలుగు అక్కణ్ణుంచి రావడానికి ఎనిమిది నిమిషాలు పైన పడుతుందనేసరికి, “ఆగు” అన్నారు. కాసేపు లెక్క వేసుకుని, “అంటే మన ప్యాసింజరు కాచిగూడ నుంచి మలక్‌పేట చేరేలోపు వచ్చేస్తుంది” అన్నారు. పుస్తకంలో లేని వాక్యం అది. కోట్లు ఆయనకు అందలేదు, ఎనిమిది నిమిషాలు అందాయి. వినేవాడి దగ్గర అప్పటికే ఉన్న కొలత ఏదో వెతికి పట్టుకోవడానికే నాకు రోజులో సగం పోతుంది, ఇప్పటికీ.

వేగం సంగతి మర్చిపోయాను. తగ్గించు. అంత వేగంలో సమాచారం వినబడుతుంది, వాక్యం వినబడదు. ఎక్కడ ఊపిరి తీసుకున్నారో, ఎక్కడ చిన్న వాక్యం వేసి దెబ్బకొట్టారో తెలియకుండా పోతుంది. నువ్వు నేర్చుకోవలసింది అదే. 14 పుస్తకాల్లో నీకు బాగా గుర్తున్న ఒక్కటి తీసుకుని మామూలు వేగంతో మళ్లీ విను. నీ మనసు ఎక్కడ ఆఫీసు మీదికి పోయిందో ఆ నిమిషం రాసిపెట్టుకో. ఎక్కడ ఒళ్లు మరిచి తలూపావో అదీ రాసిపెట్టుకుని, ఆ రెండో రకం చోట్లను అచ్చు పుస్తకంలో వెతికి సరిచూడు. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లోనే ఉంది. ఒక రోజు సెలవు పెట్టి వెళ్లు.

రాస్ వ్యాసం తిరగరాశాక కాగితం మీద పంపకు. వాట్సాప్‌లో నీ గొంతుతో చదివి పంపు. పొద్దున పది గంటలప్పుడు మా ఆవిడ నాకు చిక్కుడుకాయల ఈనెలు తీసే పని అప్పగిస్తుంది. అప్పుడు పెట్టుకుని వింటాను. తడి చేతులతో ఫోన్ ముట్టుకుని ఎక్కడ వెనక్కి జరపవలసి వచ్చిందో గుర్తుపెట్టుకుని రాస్తాను.

అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ సార్