చెక్క ఫీల్డ్ కెమెరాకు 65 ఎం.ఎం. లెన్స్ కొనొచ్చా?

మీ దగ్గర 4×5 అంగుళాల ఫిల్మ్ షీట్లు వాడే, మడిచి మోసుకెళ్లే చెక్క ఫీల్డ్ కెమెరా, 150 ఎం.ఎం. లెన్స్ ఉన్నాయి, ఇరుకు గదుల్లో తీయడానికి 65 కొనొచ్చా అని అడిగారు. కొనొచ్చు. కాకపోతే డబ్బు కట్టేముందు ఒక స్కేలు తీసుకుని మీ కెమెరాను కొలవండి. బెల్లోస్‌ను (ముందూ వెనకలను కలిపే మడతల తిత్తి) పూర్తిగా నొక్కేసి, లెన్స్ బిగించే బోర్డు నుంచి వెనక బొమ్మ కనిపించే గ్రౌండ్ గ్లాస్ దాకా ఎంతుందో చూడండి. 65తో దూరంగా ఉన్నవి ఫోకస్ కావాలంటే అది సుమారు 70 ఎం.ఎం.కి రావాలి. మీది 80 దగ్గరే ఆగిపోతే లోపలికి గుంటలా ఉండే రీసెస్డ్ బోర్డు తప్పదు. అది పెట్టాక షట్టర్ మీటలు వేళ్లకు అందవు. నేనైతే పెన్ను మూతతో కదుపుతుంటాను.

ఇవేవీ చూసుకోకుండానే నేను సెకండ్ హ్యాండ్‌లో సూపర్ ఆంగ్యులాన్ రకం 65 ఎఫ్/5.6 లెన్స్ కొన్నాను. మొదట తీసింది కోనసీమలో మా మేనమామ వాళ్ల మండువా లోగిలి. మండువాలోంచి ఎండ నిటారుగా పడుతోంది. స్తంభాలు మొత్తం రావాలని ఫిల్మ్ పెట్టే బ్యాక్‌ను నిలువుకు తిప్పాను. నాలుగు షీట్లు తీశాను. డెవలప్ చేసి చూస్తే నాలుగింటిలోనూ కింద అడ్డంగా ఏదో మసక పట్టీ. నా కెమెరా బెడ్డే, అంటే లెన్స్ భాగం నిలబడే ముందు పలక! నిలువు ఫ్రేములో ఈ లెన్స్ కిందికి 40 డిగ్రీల పైనే చూస్తుంది, ముందుకు పొడుచుకొచ్చిన బెడ్ అందులో పడక ఏం చేస్తుంది? గ్రౌండ్ గ్లాస్ మీద బొమ్మ తలకిందులు కాబట్టి ఆ పట్టీ పై అంచున కనిపించే ఉంటుంది. అక్కడెలాగూ చీకటేనని నేనే పట్టించుకోలేదు.

దీనికి మందు ఉంది. బెడ్‌ను కిందికి వంచండి. దాంతోపాటు లెన్స్‌ను పట్టుకునే ఫ్రంట్ స్టాండర్డ్ కూడా ముందుకు వాలుతుంది, దాన్ని వెనక్కి టిల్ట్ చేసి ఫిల్మ్‌కు సమాంతరంగా తేవాలి. లెన్స్ కిందికి దిగిపోతుంది కాబట్టి రైజ్ ఇచ్చి పైకి లాగాలి. వెనక స్టాండర్డ్ ముందుకు జరిగే కెమెరా అయితే మీరు అదృష్టవంతులు, ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

సమాంతరం అని ఊరికే అనలేదు. రెండు మీటర్ల దూరం నుంచి అనంతం దాకా ఫోకస్ మార్చడానికి 65 కదిలేది రెండు మిల్లీమీటర్లే. మీ 150 అయితే పన్నెండు కదులుతుంది. అంటే ముందు భాగం ఒక పక్కకు అర మిల్లీమీటరు వాలినా లూప్ (చిన్న భూతద్దం)లో ఒక గోడ షార్ప్‌గా, రెండో గోడ మెత్తగా కనిపిస్తుంది. వాడిన చెక్క కెమెరాల్లో ఆ మాత్రం ఊగిసలాట మామూలే. రెండు పక్కలా స్కేలుతో కొలిచి బిగించి, ఎఫ్/22కి తగ్గించి తీస్తే చాలావరకు సర్దుకుంటుంది.

మూలల్లో వెలుగు రెండు స్టాప్‌ల దాకా తగ్గుతుంది. దాన్ని సరిచేసే సెంటర్ ఫిల్టర్ ఖరీదు చూసి నేను ఆ ఊసే ఎత్తలేదు, స్కాన్ చేశాక సరిదిద్దుకుంటాను. మీ గ్రౌండ్ గ్లాస్ మూలలు కత్తిరించి ఉంటే అందులోంచి లెన్స్‌లోకి చూడండి. అపర్చర్ రంధ్రం నిండుగా కనిపిస్తే సరే, తెగిపోయినట్టు కనిపిస్తే ఏదో అడ్డొస్తున్నట్టే.

నా మాటడిగితే ముందు 90 ఎఫ్/8 తీసుకోండి. సూపర్ ఆంగ్యులాన్‌లో దాని ఇమేజ్ సర్కిల్ (లెన్స్ వేసే గుండ్రటి బొమ్మ అడ్డకొలత) 216 ఎం.ఎం., 65ది 170. నిలువు ఫ్రేములో 65కి పది ఎం.ఎం. మించి రైజ్ రాదు, 90కి 35 పైనే వస్తుంది. అయితే నొక్కుకుపోయిన మామూలు బెల్లోస్ అంత కదలనివ్వదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని! బెల్లోస్ విప్పి మార్చే వీలుంటే మెత్తటి బ్యాగ్ బెల్లోస్ పెట్టుకోండి, లెన్స్ కన్నా ముందు దానికే ఖర్చు పెట్టమంటాను.

ఆ లోగిలిని రెండోసారి 90తో తీశాను. ట్రైపాడ్‌ను వీధి అరుగు మీదికి జరపాల్సి వచ్చింది, రెండు స్తంభాలు ఫ్రేములో పట్టలేదు. బెడ్ మాత్రం రాలేదు.