క్రూజ్‌లో బాల్కనీ రూమ్‌కి అంత ఎక్కువ పెట్టడం దండగేనా?

మీరడిగింది చదివా. మొదటిసారి క్రూజ్, ఏడు రాత్రులు, మీరిద్దరూ మూడేళ్ళ పాపా, అలాస్కానా మెడిటరేనియనా అన్నది ఇంకా తేల్చుకోలేదు, "రూమ్‌లో ఉండేదెంతసేపు, పడుకోడానికేగా, ఇన్‌సైడ్ చాలు" అని మీవారు, "సముద్రం మీదకెళ్ళి కిటికీ కూడా లేని గదిలో ఉంటామా" అని మీరు. ఇద్దరి మాటలోనూ పాయింట్ ఉంది గానీ ఇద్దరూ పాపని లెక్కలోంచి వదిలేశారు, నాకు తెలిసి మీ విషయంలో తేలాల్సింది అక్కడే.

మేం ఇన్‌సైడ్‌లోనూ వెళ్ళాం, బాల్కనీలోనూ వెళ్ళాం, పిల్లాడితోనూ వెళ్ళాం, పిల్లాడు పుట్టకముందూ వెళ్ళాం. బాల్కనీ వ్యూ కోసం అనుకుని లెక్కేస్తే ఎప్పుడు చూసినా నష్టమే కనిపిస్తుంది, ఎందుకంటే వ్యూ పై డెక్‌లో ఊరికే దొరుకుతుంది, అదీ రెండు పక్కలా, బాల్కనీలోంచి ఒక పక్కే కదా. మీరు నిజంగా డబ్బు కట్టేది మధ్యలో ఉండే ఆ గాజు తలుపుకి. ఒకళ్ళు పడుకుంటే ఇంకొకళ్ళు కూర్చోడానికి ఇంకో చోటు ఉండటం, అంతే.

ఇన్‌సైడ్‌లో ఏమయ్యేదంటే, మావాడు పెందలాడే నిద్రపోయేవాడు, వాడు పడుకున్నాక లైటేస్తే లేస్తాడు, టీవీ పెడితే లేస్తాడు, మేమిద్దరం చీకట్లో మంచం మీద పడుకుని ఫోన్ బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించుకుని చూసుకోవడమే. ఒక రాత్రైతే నేను బాత్‌రూమ్‌లో తలుపేసుకుని కమోడ్ మూత మీద కూర్చుని పుస్తకం చదువుకున్నా, మధ్యలో మా ఆయన తలుపు కొట్టి "ఇంకా ఎంతసేపు" అని గుసగుసగా అడగడం. మూడో మనిషికి మంచం కూడా సీలింగ్‌లోంచి దింపేదో సోఫా లాగి వేసేదో ఉంటుంది, అది వేశాక ఇన్‌సైడ్‌లో నడవడానికి కూడా పక్కకి తిరిగి నడవాలి. బాల్కనీలో వెళ్ళినప్పుడు వాణ్ణి పడుకోబెట్టి, కర్టెన్ లాగి, తలుపేసి బయట రెండు కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. మధ్యాహ్నం నిద్ర టైమ్ కూడా అంతే, ఇన్‌సైడ్‌లో అయితే ఆ రెండు గంటలూ ఒకళ్ళం జైల్లో ఉన్నట్టే. (తలుపు పూర్తిగా వేసుకోండి, చాలా షిప్‌ల్లో బాల్కనీ తలుపు తెరిచుంటే రూమ్ ఏసీ ఆగిపోతుంది, పాప చెమట పట్టి లేస్తుంది.)

పిల్లలతో బాల్కనీ అంటే భయం అనేవాళ్ళున్నారు, అది తీసిపారేసే భయం కాదు. అమెరికాలో 2010లో వచ్చిన క్రూజ్ సేఫ్టీ చట్టం ప్రకారం రైలింగ్ కనీసం 42 అంగుళాల ఎత్తుండాలి, కింద గాజో కమ్మీలో ఉంటాయి, తలుపు గడియ చాలా షిప్‌ల్లో పిల్లలకి అందనంత పైన ఉంటుంది. అసలు ప్రమాదం కుర్చీ. పిల్లలు దాన్ని లాక్కెళ్ళి రైలింగ్ దగ్గరేసుకుని ఎక్కుతారు, అందుకని కుర్చీలెప్పుడూ గోడవైపుకే ఉండాలి, పాప ఒక్కతే బయట అర నిమిషం కూడా ఉండకూడదు. ఇంకోటి ఎవరూ చెప్పరు, బాల్కనీ తలుపు తెరిచి ఉండగా కారిడార్ తలుపు తీశారంటే గాలి ఒక్కసారిగా దూసుకొచ్చి ఆ బరువైన తలుపు ఠపీమని కొట్టుకుంటుంది, పిల్లల వేళ్ళు అక్కడుంటే అంతే సంగతులు. ఒకటి వేశాకే ఇంకోటి తియ్యాలని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు రూట్ సంగతి. ఇక్కడ మీవారి మాట కొంత నెగ్గుతుంది. మెడిటరేనియన్ ఏడు రాత్రులంటే దాదాపు రోజూ ఒక ఊరు, సీ డే, అంటే ఎక్కడా ఆగకుండా సముద్రం మీదే ఉండే రోజు, ఒకటో అదీ లేదో. పొద్దున్నే దిగుతారు, సాయంత్రం ఈసురోమంటూ వస్తారు. రోమ్ అని బ్రోషర్‌లో ఉంటుంది గానీ షిప్ ఆగేది చివిటవెక్కియాలో, అక్కణ్ణించి రోమ్ 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఫ్లోరెన్స్ అంటే లివోర్నోలో దిగి ఇంకా దూరం. అలాంటి రోజుల్లో బాల్కనీ ఖాళీ కుర్చీలకి ఎండ తగలడానికే పనికొస్తుంది. కొన్ని మినహాయింపులున్నాయి, మాంటెనీగ్రోలో కొటోర్ బే ఉంటే పొద్దున్నే కొండల మధ్యలోంచి షిప్ మెల్లగా లోపలికి పోతుంటుంది, నైట్ డ్రెస్‌లో కూర్చుని కాఫీ తాగుతూ చూడొచ్చు. కానీ పాత ట్రావెల్ ఆర్టికల్స్ చదివి వెనిస్ కోసం బాల్కనీ తీసుకోకండి. 2021 ఆగస్టు 1 నుంచి 25 వేల టన్నులు దాటిన షిప్‌లని సెయింట్ మార్క్స్ స్క్వేర్ ముందు నుంచి, జుడెకా కెనాల్లోంచి వెళ్ళనివ్వట్లేదు, మామూలు పెద్ద క్రూజ్ షిప్‌లన్నీ అంతకంటే చాలా పెద్దవే. ఇప్పుడవి మార్ఘెరా అనే ఇండస్ట్రియల్ పోర్ట్‌లోనో, రవెన్నా, ట్రియెస్టే లాంటి వేరే ఊళ్ళలోనో ఆగుతున్నాయి. రూమ్‌లో కూర్చుని వెనిస్ గోపురాలు చూసే రోజులు పోయినట్టే.

అలాస్కా అలా కాదు. రోజంతా పక్కన ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది, కొండ, మంచు, అడవి, మధ్యమధ్యలో దూరంగా తిమింగలం ఊపిరి వదిలితే లేచే తెల్లటి తుంపర, వేసవిలో పొద్దుగూకేసరికి చాలా ఆలస్యం కాబట్టి పాప పడుకున్నాక కూడా వెలుతురుంటుంది. పైన డెక్ మీద చలి, గాలి, చిన్నపిల్లతో ఎంతసేపని నిలబడతారు? బాల్కనీ అయితే దుప్పటి కప్పుకుని కూర్చోవచ్చు, చలేస్తే రెండడుగులేస్తే లోపలికి. అలాస్కా అయితే బాల్కనీ తీసుకోండని కళ్ళు మూసుకుని చెప్తా.

కానీ తమాషా ఏంటంటే అలాస్కాలో అందరూ ఏ రోజు కోసం బాల్కనీ తీసుకుంటారో ఆ రోజే అది కాస్త తగ్గుతుంది. గ్లేసియర్ బే, అంటే సముద్రంలోకి దిగే మంచునదులు (గ్లేసియర్లు) చూడ్డానికి షిప్ వెళ్ళే చోటు, ఆ రోజు సంగతి చెప్తున్నా. అక్కడ నేషనల్ పార్క్ వాళ్ళు రోజుకి రెండు పెద్ద క్రూజ్ షిప్‌లనే రానిస్తారు, పార్క్ రేంజర్లు షిప్ ఎక్కి మైక్‌లో అన్నీ వివరిస్తుంటారు, ఆ మైక్ డెక్ మీద బాగా వినిపిస్తుంది, రూమ్‌లో అయితే టీవీలో ఛానెల్ పెట్టుకోవాలి. మార్జరీ గ్లేసియర్ ముందు షిప్ చాలాసేపు ఆగి మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతుంది, రెండు పక్కలవాళ్ళకీ కనపడాలని. మాకు మొదట అవతలి పక్కవాళ్ళ వంతొచ్చింది, మేం బాల్కనీలో కూర్చుని ఎదురుగా కొండని చూస్తున్నాం, అవతల్నించి ఒకటే కేకలు, చప్పట్లు. ఇక లాభం లేదని పిల్లాణ్ణి చంకనేసుకుని పైకి పరిగెత్తాం. అక్కడ చూసింది మాత్రం మర్చిపోలేను. ఒక ముక్క విరిగి జారిపోవడం కళ్ళకి కనిపిస్తుంది, శబ్దం లేదు, అదేంటి అనుకునేలోపు ఉరుమొచ్చినట్టు చప్పుడొస్తుంది, అంత దూరంలో ఉంటుందన్నమాట అది. కాబట్టి ఆ రెండు మూడు గంటలూ పైనే ఉండండి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ బాల్కనీలో కూర్చోండి.

ఏ పక్క తీసుకోవాలని కూడా అడిగారు. వెళ్ళి మళ్ళీ అదే ఊరికి తిరిగొచ్చే రౌండ్ ట్రిప్ అయితే బుర్ర పాడుచేసుకోవద్దు, ఏదైనా ఒకటే. కెనడాలోని వాంకూవర్ నుంచి పైకి, అలాస్కాలోని సూవర్డ్‌కో విట్టియర్‌కో వెళ్ళే వన్ వే అయితే కుడిపక్క తీరంవైపు ఉంటుంది, కిందికి దిగేదైతే ఎడమపక్క.

డబ్బు విషయానికొస్తే, వెబ్‌సైట్‌లో చూపించే తేడా ఒక్కరికి, దాన్ని మీ ఇద్దరికీ వేసుకోండి, పాపది వేరే రేటుంటుంది. ఆ మొత్తాన్ని రాత్రులతో భాగించకండి. మీరు మెలకువగా రూమ్‌లో ఉండే గంటలతో భాగించండి, పాప నిద్రపోయే టైమ్ కలిపి. మెడిటరేనియన్‌కి ఆ గంటలు ఎంత తక్కువొస్తాయో మీకే తెలుస్తుంది, ఆ డబ్బుతో పాపని స్ట్రాలర్‌లో తోసుకుంటూ బస్సులు పట్టుకునే బాధ లేకుండా కారు మాట్లాడుకోవచ్చు. టిప్స్, పోర్ట్ ట్యాక్స్ చాలా కంపెనీల్లో ఇన్‌సైడ్‌కీ బాల్కనీకీ ఒకటే. ఇంకా రూమ్ లోపలి సైజ్ కూడా చాలాసార్లు దగ్గరదగ్గరగానే ఉంటుంది, "బాల్కనీ అంటే పెద్ద రూమ్" అనుకోవద్దు.

పేరుకి బాల్కనీ అయిన బాల్కనీలు కొన్నుంటాయి, అవి చూసుకోండి. రేటు తక్కువగా కనిపిస్తే సాధారణంగా అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ అయ్యుంటుంది, అంటే ఎదురుగా లైఫ్‌బోట్. కొన్నిచోట్ల కిందికి చూస్తే మాత్రమే బోట్ పైకప్పు కనిపిస్తుంది, అలాంటిదైతే బంగారం, తీసుకోవచ్చు. కొన్నిచోట్ల మొహమ్మీదే నారింజరంగు గోడ. 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ది సీస్ లాంటి పెద్ద షిప్‌ల్లో లోపలివైపుకి తెరుచుకునే బాల్కనీలు కూడా ఉంటాయి, షిప్ మధ్యలో ఉన్న పార్క్ కనిపిస్తుంది, చెట్లు బాగానే ఉంటాయి, సముద్రం మాత్రం ఉండదు, ఎదురు రూమ్‌వాళ్ళు మనల్ని చూస్తుంటారు. గ్యారంటీ అని పెడతారు చూడండి, చవగ్గా ఉంటుంది గానీ రూమ్ నంబర్ వాళ్ళిష్టం, చిన్నపిల్ల ఉన్నప్పుడు నేనైతే దాని జోలికి పోను.

ఎందుకంటే బాల్కనీ ఉందా లేదా అన్నదానికంటే రూమ్ ఎక్కడుందన్నది నిద్రని ఎక్కువ పాడుచేస్తుంది. పూల్ డెక్ కింద రూమ్ అయితే తెల్లారుజామునే నెత్తి మీద కుర్చీలు ఈడ్చే చప్పుడు, థియేటర్ పైనో క్లబ్ పక్కనో అయితే రాత్రి దిమ్‌దిమ్‌మని, బాగా ముందువైపు కింద అయితే పోర్ట్‌కొచ్చినప్పుడల్లా పొద్దున్నే థ్రస్టర్ల (షిప్‌ని పక్కకి జరిపే మోటార్ల) గడగడ. డెక్ ప్లాన్ తీసి మీ రూమ్‌కి పై డెక్‌లో, కింది డెక్‌లో కూడా రూమ్‌లే ఉన్నాయేమో చూసుకోండి, మధ్యలో ఉంటే ఇంకా మంచిది. మీకు కడుపులో తిప్పే అలవాటుంటే ఇది మరీ ముఖ్యం, ఊపు తక్కువుండేది మధ్యలో, కింది డెక్‌ల్లో. బాల్కనీలు ఎక్కువగా పైన ఉంటాయి, ముందువైపు పై బాల్కనీ అంటే ఊపూ ఎక్కువే గాలీ ఎక్కువే, షిప్ 20 నాట్లలో పోతుంటే అదే గంటకి 37 కిలోమీటర్లు, గాలి లేని రోజు కూడా ముందువైపు కుర్చీ మీద పేపర్ ఆగదు. మరోపక్క తిప్పుతున్నప్పుడు బయటికొచ్చి దూరంగా ఆకాశం సముద్రం కలిసేచోటు చూస్తే చాలామందికి నెమ్మదిస్తుంది, ఆ లెక్కన బాల్కనీకి ఒక మార్కు. మధ్యలో కింది డెక్‌లో ఓషన్‌వ్యూ, అంటే తెరుచుకోని కిటికీ ఉన్నది, ఈ రెంటికీ నడిమి దారి, కాకపోతే నేను చెప్పిన ఆ తలుపు లాభం అందులో ఉండదు.

బాల్కనీ రైలింగ్ మీద పాప తడిబట్టలు ఆరేద్దామనిపిస్తుంది, వద్దు, ఎగిరిపోతాయి, షిప్ వాళ్ళూ ఒప్పుకోరు. సిగరెట్ కూడా చాలా కంపెనీల్లో బాల్కనీలో నిషేధం. 2006 మార్చిలో స్టార్ ప్రిన్సెస్ అనే షిప్‌లో ఒక బాల్కనీలో మొదలైన మంట పక్క బాల్కనీలన్నీ అంటుకుంటూ పోయింది, ఒక ప్రయాణికుడు చనిపోయాడు, పారేసిన సిగరెట్ పీకే కారణం అయ్యుంటుందని ఎంక్వైరీలో తేల్చారు, దాని తర్వాతే బాల్కనీల్లో వాడే మెటీరియల్ రూల్స్ మారాయి. పక్కవాళ్ళు కాలుస్తుంటే మొహమాటపడకుండా కంప్లెయింట్ ఇవ్వండి.

మీవారు గెలిచి ఇన్‌సైడ్ తీసుకుంటే కంగారేం లేదు, అది కూడా బాగానే గడుస్తుంది. అంత చీకటి ఇంకెక్కడా దొరకదు, జెట్ లాగ్‌తో వెళ్ళినవాళ్ళకి వరం. తెల్లారిందో లేదో తెలీదు కాబట్టి టీవీలో షిప్ ముందు కెమెరా ఛానెల్ ఉంటుంది, అది సౌండ్ తీసేసి పెట్టుకోండి, రాత్రి నల్లగా ఉంటుంది, తెల్లారేకొద్దీ గదిలో వెలుతురొస్తుంది. డిస్నీ డ్రీమ్‌లో అయితే 2011 నుంచే ఇన్‌సైడ్ రూమ్ గోడకి గుండ్రటి కిటికీలాంటి స్క్రీన్ పెట్టి బయటి కెమెరా లైవ్ చూపిస్తున్నారు, పిల్లలు దాని ముందు నుంచి కదలరు. పాప పడుకునే టైమ్‌కి మాత్రం మీలో ఒకళ్ళు రూమ్‌లో చీకట్లో, ఇంకొకళ్ళు షో చూడ్డానికి, వంతులేసుకోండి.

అంటే నా ఓటు అలాస్కా అయితే మధ్యలో ఉన్న బాల్కనీ, మెడిటరేనియన్ అయితే పాప నిద్ర ఎలాంటిదో చూసుకుని. లైటున్నా మాటలున్నా పడుకునే పిల్లయితే ఇన్‌సైడ్‌కి వెళ్ళిపోండి. రూట్ తేలాక షిప్ పేరూ వాళ్ళిస్తానన్న రూమ్ నంబరూ ఇక్కడ కింద పెట్టండి, డెక్ ప్లాన్‌లో పైనా కిందా ఏముందో చూసి చెప్తా.