ఫైన్ అంటే సన్నమా, జరిమానానా, బాగుండటమా?

మీ ప్రశ్న ఇది: ఇంగ్లీషులో 'ఫైన్' అనే మాటకు నిఘంటువులో 'బాగున్నది', 'సన్ననిది', 'జరిమానా' అని ఒకదానితో ఒకటి పొంతన లేని అర్థాలు కనిపిస్తున్నాయి, ఇవన్నీ ఒకే మాటలోకి ఎలా వచ్చాయి, దీనికి సమానార్థకాలుగా చెప్పే మాటల్లో దేన్ని ఎక్కడ వాడాలి? నేను పొందూరు దగ్గర ఒక పల్లెలో పుట్టి, శ్రీకాకుళం జిల్లా ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఎనిమిదేళ్లు ఇంగ్లీషు చెప్పాను. మా అమ్మ రాట్నం మీద నూలు వడికేది. ఈ మాట నాకు పుస్తకంలో కంటే ముందు ఆ రాట్నం దగ్గర పరిచయమైంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

పొందూరులోని ఖాదీ సంఘం పేరు 'ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం'. చిన్నతనంలో ఆ పేరు చదివి 'బాగున్న ఖాదీ' అని అర్థం చెప్పుకొనేవాణ్ణి. అక్కడ ఫైన్ అంటే సన్ననూలు అని అమ్మ చేతిపని చూశాకే తెలిసింది. మా వైపు పత్తి ఇంకా గింజకు అంటుకొని ఉండగానే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకు వరసగా ఉండే చిన్న చిన్న పళ్లు చెత్తను తీసేసి పీచును ఒక దారికి తెస్తాయి. ఆ తరువాత గింజ తీసి, విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, వాటిని రాట్నానికి అందిస్తారు. ఇలా వడికిన నూలును నూరో నంబరు అంటారు. 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని కలిస్తే ఒక పౌను బరువు తూగుతుందో, నూలు నంబరు అంత. నూరో నంబరంటే 84,000 గజాల దారం ఒక్క పౌను, అంటే సుమారు 454 గ్రాములే ఉంటుంది. ఆ ఒక్క పౌను పత్తిలోంచి దాదాపు 77 కిలోమీటర్ల దారం వస్తుందన్నమాట. ఈ ఫైన్‌లో సన్నదనం ఒక్కటే కాదు, దాన్ని సాధించిన చేతి నేర్పు కూడా ఉంది.

ఈ తేడా తెలియక ఒకసారి ఇతరులకు నష్టం తెచ్చాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పక్కింట్లో బట్టలు నేసే నేతగారు వేరే రాష్ట్రంలోని ఒక బట్టల వ్యాపారికి ఇంగ్లీషులో ఉత్తరం రాసిపెట్టమన్నారు. పంచె గురించి 'థిన్ క్లాత్' అని రాశాను. పలచబడిన సరుకు తమకు అక్కర్లేదని జవాబు వచ్చింది. ఆ సంగతి చెబితే అమ్మ చేతిలోని ఏకు దించకుండానే, "పాత గుడ్డ పల్చనవుద్ది బాబూ, మనది సన్నం" అంది. థిన్‌కూ ఫైన్‌కూ ఉన్న తేడాను అంతకంటే చక్కగా చెప్పిన వ్యాకరణ పుస్తకం నాకు ఇప్పటికీ కనబడలేదు. థిన్ ఒక కొలత మాత్రమే. చారు నీళ్లగా ఉన్నా థిన్, అరిగిన గుడ్డ కూడా థిన్, చాలాసార్లు అందులో లోపం ధ్వనిస్తుంది. ఫైన్‌లో మెచ్చుకోలు ఉంటుంది. రెండో ఉత్తరంలో ఆ ఒక్క మాట మార్చి రాశాను. నేతగారికి అయిదు పంచెల ఆర్డరు వచ్చింది.

ఇక ఈ అర్థాలన్నిటికీ చుట్టరికం ఎక్కడుందో చూద్దాం. ఇవన్నీ లాటిన్‌లో చివర, హద్దు అనే అర్థమున్న 'ఫినిస్' అనే మాట నుంచి పాత ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషుకు వచ్చాయి. ఒక వస్తువును ఇక మెరుగుపరచడానికి వీల్లేని హద్దు దాకా తీసుకెళితే అది ఫైన్. ఫైనల్, ఫినిష్, డిఫైన్ అన్నవి ఆ కుటుంబంలోవే. మనం వంటకు వాడే రిఫైండ్ నూనెలోని ఆ మాట కూడా ఇక్కడిదే. తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాట మేలిమి. మేలిమి బంగారాన్ని ఇంగ్లీషులో ఫైన్ గోల్డ్ అంటారు. నగ మీద కనిపించే 916 అంకె వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి అని చెబుతుంది. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాల నేర్పేది ఫైన్ ఆర్ట్స్‌లో ఒకటి, మనం దాన్ని లలితకళ అంటాం. ఇంగ్లీషు మాట ఆ కళలోని మెరుగును చూసింది, మన మాట దాని లాలిత్యాన్ని చూసింది. నాకు మన మాటే ఎక్కువ ఇష్టం.

జరిమానా కూడా ఆ 'చివర' నుంచే వచ్చింది. సొమ్ము కట్టి తగాదాను ముగించడం దాని తొలి భావం. ఇంగ్లాండులో భూమి వ్యాజ్యం రాజీ అయినట్టు కోర్టులో రాసే తుది ఒప్పందాన్ని కూడా ఫైన్ అనేవారు, ఆ పద్ధతిని 1833లో చట్టం చేసి రద్దు చేశారు. ఇది పాఠంగా చదివినప్పుడు నాకు మా ఊరి బందెలదొడ్డి గుర్తుకొచ్చింది. మా పెయ్య ఒకరి గోగు చేలో పడిందని దాన్ని అక్కడ కట్టేశారు. నాన్న నన్ను వెంటబెట్టుకొని వెళ్లి సొమ్ము కట్టారు. వాళ్లు రశీదు చేతికిచ్చి దొడ్డి తలుపు తీయగానే పెయ్య బయటికి వచ్చింది. చేను గలాయన, నాన్న కలిసి మాట్లాడుకుంటూ ఇంటిదారి పట్టారు. ఫైన్ అంటే మొదట అదే, కట్టిన తరువాత తగువు మిగలకూడదు.

తెలుగు ఈ విషయంలో వేరే దారిన పోయింది. మన పెద్దలు సొమ్మునే 'తప్పు' అన్నారు. 'తప్పు వేశారు', 'తప్పు కట్టాడు' అనే వాడుక పల్లెల్లో నేను విన్నాను. గ్రంథాలయంలో పుస్తకం ఆలస్యంగా ఇస్తే కట్టేది అపరాధ రుసుము. దండం నుంచి వచ్చిన దండుగ కూడా ఒకప్పుడు జరిమానాయే, ఇప్పుడు వృథా ఖర్చుకు పేరైంది. జరిమానా మనకు ఉర్దూ, పారసీల నుంచి వచ్చింది, అందులోనూ నేరం అనే భావమే ఉంది. ఇంగ్లీషు మాట తగువు ముగింపును చూస్తే, మన మాటలు తగువుకు మూలమైన తప్పును చూశాయి. ఈ అర్థంలో ఫైన్‌కు సమానార్థకంగా చెప్పే పెనాల్టీ దానికంటే విశాలమైనది. శిక్ష ఏ రూపంలో ఉన్నా పెనాల్టీయే, సొమ్ము రూపంలో ఉంటేనే ఫైన్. ఫార్ఫీట్ అంటే మన చేతిలో ఉన్నదాన్నో, మనకు రావలసిన హక్కునో పోగొట్టుకోవడం.

ఫైన్ విశేషణంగా వచ్చినప్పుడు పక్కనున్న నామవాచకాన్ని చూసి తెలుగు మాటను ఎంచుకోవాలి. నూలుకైతే సన్నం, పిండికీ పొడికీ మెత్తన, రెండు భావాల మధ్య తేడాకు సూక్ష్మం. సూక్ష్మం అన్నచోట సటల్ కూడా నప్పుతుంది. డెలికేట్ సుకుమారానికి చెల్లుతుంది, కానీ అందులో చెయ్యి పడితే చెడిపోతుందేమో అన్న జాగ్రత్త ఉంటుంది. నూరో నంబరు పంచె సన్నదే తప్ప ఆ అర్థంలో డెలికేట్ కాదు.

వాక్యంలో మాట ఉన్న చోటును బట్టి కూడా బరువు మారుతుంది. 'ఎ ఫైన్ సింగర్' అని నామవాచకానికి ముందు పెడితే గట్టి మెచ్చుకోలు, గొప్ప గాయని అని. 'ద సింగర్ ఈజ్ ఫైన్' అంటే ఆమె ఆరోగ్యానికి ఢోకా లేదని మాత్రమే. పాఠం ఎలా ఉందంటే 'ఇట్ వాజ్ ఫైన్' అని జవాబొస్తే అది మన 'ఫర్వాలేదు' కంటే పెద్ద మాట కాదు, అక్కడ ఎక్సలెంట్‌కు సమానమని రాస్తే తప్పు. నా విద్యార్థులు ఎక్కువగా పొరబడింది ఇక్కడే.

ఒకసారి ఖాదీ చూడవచ్చిన ఒక విదేశీ వనిత మా ఇంట భోజనం చేశారు. ఇంకొంచెం అన్నం పెట్టనా అని అమ్మ సైగ చేస్తే ఆమె 'ఐయామ్ ఫైన్' అన్నారు. బాగుందంటున్నారని నేను చెప్పాను, అమ్మ సంతోషంగా మరో హస్తం వడ్డించింది. ఏదైనా ఇవ్వబోయినప్పుడు వచ్చే ఆ జవాబుకు 'చాలు, వద్దు' అని అర్థం. ఒక ప్రతిపాదన విన్నాక 'ఫైన్' అని ముక్తసరిగా అంటే మన 'సరే'. గొంతును బట్టి మన సరేలో ఒప్పుకోలూ ఉంటుంది, కోపమూ ఉంటుంది, దానిలోనూ అంతే.

వాతావరణానికి వాడే ఫైన్‌ను ఎప్పుడూ 'మంచి వాతావరణం' అని అనువదించకండి. బ్రిటన్‌లో వాన లేకుండా పొడిగా ఉండే రోజు ఫైన్. ఆషాఢంలో నారుమడి ఎండిపోతుంటే మా రైతుకు ఆ రోజు మంచిది కాదు. తుపాను వెళ్లిపోయిన మర్నాటికైతే 'తెరిపి ఇచ్చింది' అనే మాట చక్కగా సరిపోతుంది.

చివరగా మీరు ప్రత్యేకంగా అడిగిన వాక్యం, 'వియ్ పెయిడ్ ద ఫైన్ అండ్ ఎవ్రీథింగ్ ఈజ్ ఫైన్ నౌ'. దీన్ని నేను 'జరిమానా కట్టేశాం, ఇప్పుడంతా సర్దుకుంది' అని రాస్తాను. 'అంతా బాగుంది' అని రాసినా తప్పు కాదు, కాని ఏదో చిక్కు వచ్చి తీరిపోయిందన్న భావం 'సర్దుకుంది' అనే మాటలోనే నిలుస్తుంది.