కయోటీల నుంచి మా కుక్కకి హార్ట్‌వార్మ్ వస్తుందా?

ఇంటి వెనక వాగు గట్టున కయోటీలు (అమెరికాలో తిరిగే నక్కలాంటి అడవి జంతువులు) తిరుగుతున్నాయి, వాటికి హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) ఉంటుందట, మా కుక్క అక్కడంతా వాసన చూస్తుంది, పైగా రెండు నెలలుగా అది రాకుండా వేసే నెలవారీ మాత్ర వేయలేదు అని ఒకరు అడిగారు.

వాసన చూస్తే రాదు. కయోటీ పెంటలో మూతి పెట్టినా హార్ట్‌వార్మ్ రాదు (వేరే పురుగులు వస్తాయి, పెట్టనివ్వకండి). మధ్యలో దోమ ఉండాల్సిందే.

మన ఊళ్లలో బోదకాలు తెచ్చే పురుగుకి ఇది దగ్గరి చుట్టం. కయోటీని కుట్టిన దోమ రక్తంతో పాటు కంటికి కనపడని పిల్లపురుగుల్ని కూడా పీలుస్తుంది. ఎండాకాలంలో రెండు వారాల్లో అవి దోమ ఒంట్లోనే ముదిరి, అది మీ కుక్కని కుట్టినప్పుడు లోపలికి దిగుతాయి. ఆరేడు నెలలకి ఊపిరితిత్తులకి పోయే రక్తనాళాల్లో, గుండె కుడివైపున సేమియా పోగుల్లా ఉంటాయి. ఆడపురుగు దాదాపు అడుగు పొడవు! అడవిలో తిరిగే కయోటీకి మాత్ర వేసేదెవరు? ఆ చుట్టుపక్కల దోమలకి అదే గాదె. కంచె ఎత్తు పెంచితే కయోటీ ఆగుతుందేమో, దోమ ఆగదు.

మేముండేది అమెరికాలో డల్లాస్ దగ్గర. చలికాలంలో దోమలెక్కడివిలే అని నేను నవంబరు నుంచి మార్చి దాకా మా కుక్కకి మాత్ర మానేశాను. ఇక్కడ జనవరిలో నాలుగు రోజులు వెచ్చబడినా దోమలు లేస్తాయి. మరుసటి ఏడాది పరీక్షలో పాజిటివ్. నెల రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, ఇంకో నెల ఆగి నడుము కండలో పెద్ద పురుగుల్ని చంపే మెలార్సొమిన్ ఇంజెక్షన్, మరో నెలకి వరసగా రెండు రోజులు ఇంకో రెండు. అసలు కష్టం ఇంజెక్షన్లు కాదు, కుక్కని నెలల తరబడి పరిగెత్తకుండా ఆపడం. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే ప్రాణాలకే ముప్పు. కాలింగ్ బెల్ మోగితే చాలు, అది ఎగిరి గంతేస్తుందేమోనని నాకు టెన్షన్.

నెలవారీ మాత్ర దోమ కుట్టకుండా ఆపదు. గడిచిన నెలలో లోపలికొచ్చిన పిల్లపురుగుల్ని చంపుతుంది, అంతే. పెద్దవైపోతే దానికి లొంగవు. అందుకే ఈ వారమే డాక్టర్‌కి చూపించి పరీక్ష చేయించండి, మాత్ర మళ్లీ మొదలుపెట్టండి. ఇప్పుడు నెగటివ్ వచ్చినా ఆరు నెలలకి ఇంకోసారి చేయించాలి. ఆ పరీక్షకి దొరికేది ఎదిగిన ఆడపురుగే. ఈ రెండు నెలల్లో ఎక్కినవి ఇంకా పిల్లలే.