పత్రంలో నీటి శుద్ధి యంత్రాలు, పెట్టెలో క్షిపణి భాగాలు

ప్రశ్న: మా కార్యాలయం నెల్లూరులో ఎగుమతి, దిగుమతి పత్రాల పని చేస్తుంది. రసాయన పరిశ్రమల్లో వాడే పంపులను మా ఖాతాదారు ఒకరు చెన్నై రేవు మీదుగా విదేశానికి పంపబోగా, కొనేదెవరు, దేనికి వాడతారు అని అధికారులు రాతపూర్వకంగా అడిగారు. సరుకు మూడు వారాలు నిలిచిపోయింది. పంపులకూ సామూహిక విధ్వంసక ఆయుధాలకూ సంబంధమేమిటి? నిఘా సంస్థలకు సమాచారం ఉంటే దొంగ సరుకున్న ఓడనే పట్టుకోవచ్చు కదా?
– ఒక పాఠకుడు, ముత్తుకూరు

జవాబు: మూడు వారాల జాప్యం చిన్న వ్యాపారికి ఎంత భారమో తెలియనిది కాదు. కానీ ఘాటైన ఆమ్లాలు కూడా తినేయలేని ప్రత్యేక లోహాలతో చేసిన పంపు పురుగుమందుల కర్మాగారంలో ఎలా పనిచేస్తుందో, విషవాయువు తయారుచేసే చోటా అలాగే పనిచేస్తుంది. అందుకే మన ప్రభుత్వ ఎగుమతి నియంత్రణ జాబితా అయిన స్కోమెట్‌లో అణు సామగ్రితో పాటు ఇటువంటి కొన్ని పంపులు, వాల్వులు కూడా ఉన్నాయి.

ఓడను పట్టుకోవడం మీరనుకున్నంత సులువు కాదు. 1999లో కాండ్లా రేవులో ఉత్తర కొరియా ఓడ కువోల్సాన్‌ను ఆపి తెరిపించినప్పుడు, నీటి శుద్ధి యంత్రాలని రాసిన పెట్టెల్లో క్షిపణుల తయారీకి పనికివచ్చే భాగాలు, నక్షలు బయటపడ్డాయి. పత్రం చూసి వదిలేసి ఉంటే అవి దాటిపోయేవే.

ఇంతకన్నా కఠినమైన చిక్కు మరొకటి ఉంది. అణు పరిజ్ఞానాన్ని దొంగచాటుగా ఇతర దేశాలకు అమ్మిన పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త అబ్దుల్ ఖదీర్ ఖాన్ ముఠాపై ఏళ్ల తరబడి కన్నేసిన నిఘా సంస్థలు, తొందరపడి ఒక సరుకును పట్టుకుంటే మిగిలినవాళ్లు జాగ్రత్తపడతారని, ఆలస్యం చేస్తే యంత్రాలు గమ్యం చేరిపోతాయని సతమతమయ్యాయి. చివరకు 2003 అక్టోబరులో, మలేషియాలో తయారై దుబాయి మీదుగా లిబియాకు వెళ్తున్న సెంట్రిఫ్యూజ్ (యురేనియంను శుద్ధిచేసే యంత్రం) భాగాలను బీబీసీ చైనా అనే ఓడను ఇటలీకి మళ్లించి స్వాధీనం చేసుకున్నారు. అదే ఏడాది ఇరాక్ విషయంలో అమెరికా అంచనా తలకిందులైంది: యురేనియం శుద్ధికని వాదించిన అల్యూమినియం గొట్టాలు మామూలు రాకెట్లకోసం తెప్పించినవని తేలేసరికి యుద్ధం జరిగిపోయింది. వస్తువు కంటికి కనిపిస్తుంది, కొన్నవాడి ఉద్దేశం కనిపించదు. నా దృష్టిలో ఈ రంగంలోని అసలు కష్టం ఇదే.

కనుకనే 2004లో భద్రతా మండలి 1540వ తీర్మానం ఇటువంటి సరుకు ఆయుధాల తయారీకి చేరకుండా చూసే బాధ్యతను ప్రతి దేశం మీదా పెట్టింది. మన దేశం 2005లో ప్రత్యేక చట్టం చేసి, 2022 సవరణతో ఈ ఆయుధాలకు నిధులు సమకూర్చడాన్నీ నిషేధించింది.

మీ ఖాతాదారును ఆర్డరు తీసుకునే రోజే, సరుకును ఎవరు, దేనికి వాడతారో కొనుగోలుదారు రాసిచ్చే తుది వినియోగ ధ్రువపత్రం అడగమనండి. కొనుగోలుదారు కర్మాగారం చిరునామా చెప్పకుండా మూడో దేశంలోని గోదాముకు పంపమన్నా, యంత్రం బిగించే మనిషి అక్కర్లేదన్నా, సరుకు కదలకముందే అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయండి.