బ్రేక్ ఆయిల్ ఎటు పోతోందో ముందు చూడు

చిరంజీవి చిన్నాకి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. మీ ప్రీమియర్ పద్మిని కారులో వారం వారం బ్రేక్ ఆయిల్ తగ్గుతోందని, పోసుకుంటూ నడిపేస్తున్నానని అన్నావు. ఇక నడపకు. మీ నాన్న బండిలో నాలుగు చక్రాల బ్రేకులకూ కలిపి ఒకటే లైను. ఎక్కడ తెగినా అన్నీ పోతాయి. నేనూ నీలాగే నెలరోజులు పోసుకుంటూ తిరిగాను. ఒకరోజు పెడల్ నేలకంటా దిగిపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ లాగి ఎలాగో ఆపాను. వెనక సీట్లో మీ పెద్దమ్మ, పిల్లలు ఉన్నారు. ఆ రోజు నేనింకా మరచిపోలేదు.

డ్రమ్ముకి రాసుకునే బ్రేక్ లైనింగ్ అరిగినా ఆయిల్ లెవెల్ కొద్దిగా తగ్గుతుంది కానీ, వారానికోసారి పోయాల్సినంత తగ్గదు. నీది లీకే. ముందు అంతా తుడిచి, ఆయిల్ పోసే బుడ్డి మీద లెవెల్ దగ్గర టేప్ అంటించు. చక్రాల కింద అట్టముక్కలు పరిచి, పెడల్ దగ్గర కార్పెట్ తీసి, రాత్రంతా వదిలెయ్. పొద్దున ఎవరినైనా పెడల్ తొక్కి పట్టుకోమని, నువ్వు చూడు.

నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికేది, చక్రం దగ్గర బ్రేకుని నెట్టే వీల్ సిలిండరే. టైరు లోపలి వైపు తడి ఉందా చూడు. బండిని జాకీ మీదే వదలకుండా స్టాండు పెట్టి, డ్రమ్ము విప్పి, సిలిండర్ చివర రబ్బరు తొడుగు అంచు ఎత్తు. లోపల ఆయిల్ నిలిచి ఉంటే, ఆయిల్‌ని ఆపే రబ్బరు కప్పులు పోయినట్టే. డ్రమ్ములో దుమ్ము ఊదకు, తడిగుడ్డతో తుడువు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

వెనక చక్రాల దగ్గర చాలామంది పొరబడతారు. అక్కడ యాక్సిల్ సీలు పోయి గేరాయిల్ కూడా కారుతుంది. వేలికి అంటిన చుక్కని గ్లాసు నీళ్ళలో వెయ్. బ్రేక్ ఆయిల్ కలిసిపోతుంది, గేరాయిల్ తేలుతుంది. బ్రేక్ ఆయిల్ పేరుకి ఆయిలే కానీ నూనె కాదురా. అందుకే ఇంజిన్ ఆయిల్ చుక్క కూడా అందులో పడకూడదు, రబ్బరు కప్పులన్నీ ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే పొరలు లేస్తాయి. పైపు దారిలో పెయింటు లేచినచోట లీకు వెతుకు. క్లిప్పుల కింద తుప్పు, రబ్బరు హోసులకు పగుళ్ళు కూడా చూసుకో.

పెడల్ వెనక కారుతుంటే, తొక్కినప్పుడు ఆయిల్‌ని లైన్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ పోయినట్టు. ఎక్కడా తడి లేకుండా, లెవెల్ తగ్గకుండా, తొక్కి పట్టిన పెడల్ మెల్లగా దిగిపోతుంటే కూడా దాని లోపలి కప్పులనే అనుమానించు.

ఆయిల్ తాగిన బ్రేక్ షూలను (లైనింగ్ అంటించి ఉండేవి) పెట్రోలుతో కడిగి మళ్ళీ బిగించొద్దు. రెండు వైపులా కొత్తవి వేయించు. డబ్బు ఆదా చేసే చోటు కాదిది. షెడ్డులో మూత తీసి ఉన్న పాత డబ్బా పారెయ్. అది గాలిలో తేమ పీలుస్తుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే 140కే మరగొచ్చు. సీలు తీయని డబ్బా కొను.

డ్రమ్ములు విప్పాక ఫోటోలు పంపు. వీల్ సిలిండర్లు పోతే చెప్పు, ఇక్కడ విజయవాడ ఆటోనగర్‌లో నేనే చూసి కొని బస్సులో వేస్తాను. బ్రేక్ లైన్లో చేరిన ఎయిర్ తీసేటప్పుడు మాత్రం తెలిసిన మెకానిక్‌ని పక్కన పెట్టుకో.

ప్రేమతో,
పెదనాన్న