షాంపూ డబ్బాలు పోగవకుండా మా ఇంట్లో ఏం చేస్తాం

మీరు రెండు విషయాలు అడిగారు. చెత్త వేరు చేసి ఇచ్చినా ఆటోలో అన్నీ కలిపేస్తున్నారు, ఇంక వేరు చేసి ఏం లాభం అన్నది ఒకటి. నెల తిరిగేసరికి షాంపూ, బాడీవాష్ డబ్బాలు పోగవుతున్నాయి, తలకీ ఒంటికీ ఇంకేం వాడొచ్చు అన్నది రెండోది. నాకైతే రెండూ ఒకే ప్రశ్న. మా ఇంట్లో వంటింటి తర్వాత ప్లాస్టిక్ ఎక్కువగా వచ్చేది స్నానాల గది నుంచే. అక్కడికి చేరే సామాను తగ్గించుకుంటే వేరు చేసే పని దానంతటదే తగ్గుతుంది. అందుకే ముందు తల సంగతి చెప్తాను.

మా అత్తగారు, నేను, మా అమ్మాయి, ముగ్గురివీ పొడుగు జుట్లే. ఆదివారం తలంటు మాత్రం కుంకుడుకాయతోనే. మధ్యలో అవసరమైతే షాంపూ వాడతాం, అస్సలు ముట్టుకోకండి అని ఎవరికీ చెప్పను, పొద్దున్నే ఆఫీసుకి పరుగెత్తే రోజున కాయలు కొట్టుకుంటూ కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది! నడుము దాకా జుట్టున్న మనిషికి పన్నెండు నుంచి పదిహేను కాయలు చాలు. ముందు రోజు రాత్రే కొట్టి, గింజలు తీసేసి, పెచ్చులు వేడినీళ్ళలో నానేస్తే పొద్దుటికి మెత్తబడతాయి. చేత్తో బాగా పిసికి పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఇక్కడ బద్ధకించారంటే తొక్కు ముక్కలు జుట్టులో ఇరుక్కుని చిక్కు తీసేటప్పుడు ఏడిపిస్తాయి. గింజలతో సహా మిక్సీలో వేయకండి, చాలా గట్టివి, బ్లేడు పోతుంది. రసం ఏ పూటది ఆ పూటే, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి వాడేయండి, ఆ తర్వాత పులిసిన వాసన వస్తుంది.

కుంకుడులో నురగ తెప్పించేవి సపోనిన్లు. నూనె దట్టంగా పెట్టిన తలని ఇవి ఎంత బాగా వదిలిస్తాయంటే కొందరికి జుట్టు పీచులా తయారవుతుంది, మొదటిసారి వాడినవాళ్ళు భయపడి మానేసేది అందుకే. మేం రసంలోనే గుప్పెడు మందారాకులు నలిపి ఆ జిగురు కలుపుతాం, లేకపోతే నానబెట్టిన మెంతులు రుబ్బి కలుపుతాం. అప్పుడు చిక్కు తక్కువ పడుతుంది, విడిగా కండిషనర్ డబ్బా కొనే పని తప్పుతుంది. పొడి జుట్టు వాళ్ళకి సీకాయ ఇంకా నయం, అది అంత గట్టిగా జిడ్డు లాగదు. కుంకుడు రసం కళ్ళలో పడితే మాత్రం విపరీతంగా మండుతుంది. మా అమ్మమ్మ అయితే నోట్లో ఉప్పుకల్లు వేసేది, నేను మాత్రం కళ్ళు తెరిపించి చల్లటి నీళ్ళతో బాగా కడుగుతాను. చిన్నపిల్లలకి తల వెనక్కి వాల్చి పోయండి.

చుండ్రు బాగా ఉండి దురద, పొలుసులు తగ్గకపోతే కుంకుడు, నిమ్మరసం అంటూ నెలల తరబడి కూర్చోవద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్తే కీటోకొనజోల్ ఉన్న షాంపూ లాంటిది రాస్తారు, అది మందు, ఆ డబ్బా గురించి బాధపడక్కర్లేదు.

ఈ మధ్య చాలామంది షాంపూ బార్ల వైపు వెళ్తున్నారు, డబ్బా ఉండదు, అట్టపెట్టెలో వస్తుంది, మంచిదే. కానీ బోరు నీళ్ళ ఇళ్ళలో కొనేముందు వెనకాల రాసినవి చదవండి. సోడియం పామేట్, సోడియం కోకోయేట్ లాంటి పేర్లు మొదట్లో ఉంటే అది పేరుకే షాంపూ, లోపల ఉన్నది సబ్బే. గట్టి నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిస్తే తెల్లటి తెట్టు కడుతుంది, బకెట్ అంచున చూస్తాం కదా, అదే తలలో కూర్చుంటుంది, ఎంత కడిగినా జుట్టు బంకబంకగా ఉంటుంది. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ లాంటి, సబ్బు కాని నురగ పదార్థాలు ఉన్న బార్లకి ఈ ఇబ్బంది లేదు. కుంకుడుకీ లేదు, పాతకాలంలో బావి నీళ్ళు ఎంత గట్టివైనా తలంట్లు జరిగాయంటే కారణం ఇదే. కుంకుడు, సీకాయ అయితే కిరాణా కొట్టులోనే కాగితం పొట్లంలో కట్టిస్తారు. విశాఖ, పాడేరు వైపు వాళ్ళయితే జీసీసీ దుకాణంలో అడగండి, 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ అది, అడవిలో ఏరుకొచ్చినవాళ్ళ దగ్గరే సరుకు కొంటుంది.

ఒంటికి వస్తే, బాడీవాష్ మానేయడం అన్నిటికన్నా సులువు. మామూలు సబ్బు చాలు, అది కాగితంలోనో పల్చటి రేపర్‌లోనో వస్తుంది. రోజూ ఒళ్ళంతా రుద్దాల్సిన పనీ లేదు. చంకలు, గజ్జలు, పాదాలు, చెమట పట్టే చోట్ల సబ్బు, మిగతా ఒంటికి ఎండలో దుమ్ములో తిరిగి రాకపోతే నీళ్ళు చాలు. చర్మం కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, సబ్బు క్షారం, చలికాలంలో కాళ్ళు తెల్లగా పగిలి దురద పెట్టడానికి వేడినీళ్ళతో పాటు ఇదీ ఒక కారణం. తడి ఆరకముందే కాస్త కొబ్బరినూనె రాస్తే మాకు సరిపోతుంది. సున్నిపిండి పండగలకీ, నెలకి ఒకటి రెండుసార్లూ పెడతాం. పెసరపిండి, శనగపిండి, చిటికెడు పసుపు, అంతే. కొందరు కలిపే బావంచాల గింజలు వేయొద్దని గట్టిగా చెప్తాను, అందులోని సోరలెన్ అనే పదార్థం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కమిలి మచ్చలు పడొచ్చు. మొటిమల మొహం మీద కూడా పిండి పెట్టి రుద్దకండి. ఇంకోటి, పిండి నేరుగా తూములోకి వదిలితే ముద్దకట్టి నీళ్ళు నిలిచిపోతాయి, కాబట్టి జాలీ తప్పనిసరి.

ఒళ్ళు రుద్దుకోవడానికి నైలాన్ స్క్రబ్బర్ బదులు బీరకాయ పీచు. తీగ మీద ముదిరి ఎండిపోయిన బీరకాయని తొక్క ఒలిచి, గింజలు దులిపి, నీళ్ళలో నానేసి ఆరబెడితే పీచు సిద్ధం. ఊళ్ళో పెరడున్న బంధువులు ఎవరున్నా అడగండి, సంతోషంగా ఇస్తారు. మెత్తబడి పాడైపోతే మొక్కల కుండీలో వేసేయొచ్చు. నాకు ఈ ఇంట్లో అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు ఇదే.

ఇప్పుడు చెత్త. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం తడి చెత్త, పొడి చెత్త, ఇళ్ళలో వచ్చే ప్రమాదకర చెత్త విడివిడిగా ఇవ్వడం మన బాధ్యత. మా వీధిలోనూ ఆటోలో కలిపేసిన రోజులున్నాయి, చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. అయినా మానకండి. అమ్ముడుపోయే సామాను అసలు ఆటో దాకా వెళ్ళనివ్వకండి, పాత సామాన్లు కొనే బండి అతనికి ఇవ్వండి. అతను కిలో లెక్కన డబ్బులిచ్చి తీసుకుంటాడు, డబ్బు పెట్టి కొన్నది ఎవరూ తడి చెత్తలో కలపరు. తడి చెత్త బాల్కనీలోనే కుండలో కంపోస్ట్ అయితే ఇక ఆటోకి ఇచ్చేది చాలా తక్కువ. ఆ కాస్తా పొడిగా ఉంటే అవతల ఏరుకునే మనిషి కుళ్ళిన అన్నంలో చెయ్యి పెట్టాల్సిన అవసరం ఉండదు. ఆ మనిషి చేతుల గురించి ఆలోచిస్తే ఈ పని నాకు ఎప్పుడూ వృథా అనిపించదు.

షాంపూ డబ్బా అయిపోయాక కొంచెం నీళ్ళు పోసి గిలకొట్టి, ఆ నురగతో బాత్రూం నేల కడిగేయండి. తర్వాత మూత తీసి ఆరబెట్టండి. డబ్బా అడుగున త్రికోణంలో ప్లాస్టిక్ రకం చెప్పే అంకె ఉంటుంది, అది 1 గానీ 2 గానీ అయితే పాత సామాన్లవాళ్ళు తీసుకుంటారు. నొక్కే పంపు ఉంటే విడిగా తీసేయండి, దాని లోపల స్టీలు స్ప్రింగ్ ఉంటుంది, డబ్బాతో కలిపి కరిగించడం కుదరదు. సాచెట్లు మాత్రం ఎవరూ తీసుకోరు, రకరకాల పొరలు అతికించి చేస్తారు, వాటిని విడదీయడం గిట్టుబాటు కాదు. రూపాయి సాచెట్ వల్లే కూలి పనులకి వెళ్ళే ఆడవాళ్ళకి షాంపూ అందుబాటులోకి వచ్చింది, వాళ్ళని తప్పుపట్టను. నెల సరుకులు ఒకేసారి కొనుక్కోగలిగిన మనం అయినా దండలు దండలుగా తెచ్చుకోవడం ఆపొచ్చు కదా. అలాగే పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించకండి, కొంచెం అంటిపెట్టుకుని ఉండేలా కోయండి, లేకపోతే ఆ చిన్న ముక్క సింకులోకో కాలువలోకో పోతుంది.

దువ్వెనకి వచ్చిన వెంట్రుకలు కూడా పారేయకండి. చిన్నప్పుడు చిక్కు వెంట్రుకలకి పిన్నులు, స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్ళు గుర్తుందా, వాళ్ళు ఇప్పటికీ తిరుగుతున్నారు, తూకం వేసి డబ్బే ఇస్తున్నారు. తిరుమల తలనీలాలు గుండు చేసి తీసినవి, ఇలా చిక్కుపడినవి కావు కాబట్టి వేలంలో మంచి ధర పలుకుతాయి, మన చిక్కు వెంట్రుకల్ని మాత్రం ఆడవాళ్ళు గంటలకొద్దీ కూర్చుని చేత్తో విడదీయాలి, ఆ తర్వాతే సవరాలకీ విగ్గులకీ వెళ్తాయి. ఏలూరులో ఈ వెంట్రుకల వ్యాపారం పెద్దదే. మా అత్తగారు ఒక గుడ్డ సంచిలో దాస్తారు. తడివి వేయకూడదు, ఆరినవే వేయాలి. దీనివల్ల తూము పూడుకోవడం కూడా తగ్గింది.

బ్లేడ్లు మూతున్న రేకు డబ్బాలో, ప్యాడ్లు కాగితంలో గట్టిగా చుట్టి విడిగా. ఈ రెండిట్లో మినహాయింపు లేదు.

మీ అపార్ట్‌మెంట్‌లో నలుగురిని కలుపుకుని పాత సామాన్ల అతన్ని నెలకోసారి రమ్మనండి, ఒక్క ఇంటి సామానుకి రాకపోవచ్చు, పది ఇళ్ళు ఉంటే తప్పకుండా వస్తాడు. మీవి బోరు నీళ్ళా కుళాయి నీళ్ళా, జుట్టు జిడ్డుదా పొడిదా రాయండి, దాన్నిబట్టి కుంకుడు మొదలుపెట్టాలో సీకాయ మొదలుపెట్టాలో చెప్తాను.